బండకొకటి, బురదకొకటి

వాయుగుండం ఎక్కడ తీరం దాటుతుందో ఎవరూ గట్టిగా చెప్పలేకపోతున్నారు. నెల్లూరుకూ చెన్నైకీ మధ్యన అని టీవీలో అంటున్నారు. సూళ్లూరుపేట బజారులో సైకిలు షాపు నడుపుకునే మధుబాబుకు ఆ మాట చాలలేదు. ఆ వాన రాపూరు కొండల దాకా పోతుందా? పోతే ముసురు పడుతుందా, జడివాన కొడుతుందా? ఎప్పుడు వెలుస్తుంది? ఇవన్నీ కావాలతనికి. పొద్దున్నుంచీ ఫోనులో మేఘాల బొమ్మ చూడటం, షాపు బయటికొచ్చి తూర్పు దిక్కు చూడటం, ఇదే పని.

ఎల్లుండి ఆ కొండల్లో సైకిలు పందెం. కొండ నెత్తి నుంచి అడుగు దాకా, రాళ్ళ మీదుగా, చెట్ల సందుల్లోంచి, మనిషి నడవటానికే జంకే కాలిబాటలో ఒక్కొక్కరుగా దిగాలి. తొందరగా దిగినవాళ్ళు గెలిచినట్టు. దిగేవాళ్ళలో అతని భార్య భానుప్రియ ఉంది.

భానుప్రియ అతని మేనమామ కూతురే. పులికాట్ ఒడ్డున, కనుచూపుమేర మిట్ట అన్నది లేని ఊళ్ళో, చేపలు పట్టే ఇంట్లో పుట్టింది. పెళ్ళైన కొత్తలో శ్రీహరికోట రాకెట్ కేంద్రం షార్‌లో పనిచేసే ఒకాయన బదిలీ మీద పోతూ తన కొండ సైకిలును మధుబాబు షాపులో అమ్మకానికి పెట్టాడు. కొనేవాడు వచ్చేలోపల ఒకసారి తొక్కి చూస్తానని భానుప్రియ తీసుకుపోయింది. ఆ సైకిలు మళ్ళీ అమ్మకానికి రాలేదు. ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం ఆమెది. సెలవు దొరికితే చాలు, ఏ కొండ ఎక్కడుందా అని వెతికేది. మధుబాబు ఆమె వెంట పనిముట్ల సంచీ మోస్తూ వెళ్ళేవాడు. అది అతనికీ ఇష్టంగానే ఉండేది, పోయినేడు ఊటీ దగ్గర జరిగిన పందెం వరకూ.

అక్కడ ఆమె పడింది. ఎండపూట, ఆరిన దారిలోనే పడింది. మెడ కింది ఎముక విరిగింది. లోపల స్టీలు పట్టీ వేసి బిగించారు. ఆమె మామూలు మనిషై మళ్ళీ సైకిలెక్కి చాలాకాలమైంది. మధుబాబుకు మాత్రం ఆవేళ కొండ కింద నిలబడి, ముందు వాళ్ళు వచ్చేసి, వెనక వాళ్ళు కూడా వచ్చేసి, ఆమె ఒక్కతే రాకుండా ఉన్న ఆ కాసేపు ఇంకా పూర్తి కాలేదు. నిద్రలో కూడా అతను అక్కడే నిలబడి ఉంటాడు.

అందుకే ఇప్పుడు టైర్ల దగ్గర అతనికి ఎటూ తేలడం లేదు.

షాపు దూలానికి రెండు జతల టైర్లు వేలాడుతున్నాయి. ఒకటి బురద టైరు. దాని బొడిపెలు పొడుగ్గా, ఎడం ఎడంగా, పందికొక్కు పళ్ళలాగా ఉంటాయి. మెత్తటి మట్టిలో లోపలికంటా దిగబడి పట్టుకుంటాయి, మధ్యలో ఇరుక్కున్న బురదను విదిలించుకుంటాయి. అదే టైరు తడిసిన బండ మీదికి పోతే ఆ పొడుగు బొడిపెలే పక్కకు వాలిపోతాయి, సైకిలు జారిపోతుంది. రెండోది అన్నిటికీ వాడే టైరు. బొడిపెలు పొట్టి, దగ్గర దగ్గర. రబ్బరు మెత్తన, బండను కరుచుకుంటుంది. కానీ జిగట మట్టిలో రెండు చుట్లు తిరిగేసరికి సందులన్నీ పూడుకుపోయి, చక్రం అరిసెల పిండిలో పొర్లినట్టు నున్నగా తయారవుతుంది. ఇక బ్రేకు పట్టినా ఒకటే, పట్టకపోయినా ఒకటే.

రాపూరు కొండదారిలో రెండూ ఉన్నాయి. పైన ఎర్రటి జిగటమన్ను. నడుమ పెద్దబండ అని పిలిచే ఏటవాలు రాతిపలక. దాని కింద మళ్ళీ మన్ను, ఆకుకుళ్ళు, చెట్ల వేళ్ళు.

సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన భానుప్రియ షాపు మెట్టు మీద కూర్చుని టీ తాగుతూ భర్త మొహం చూసింది.

"ఏంది బావా, ఇంకా తేలలేదా?"

"వాన సంగతే తేలలేదు. టైరు సంగతి ఎట్టా తేలతది?"

"వాన పడతాది. నాయన పొద్దున్నే ఫోను చేసి పడవలన్నీ పైకి లాగేసినామన్నాడు."

"పడితే బురద టైర్లే ఎయ్యాల. మరి పెద్దబండ మీద?"

"దాని మీద జారతాయి."

"అంత తేలిగ్గా చెప్తావేందిమే?"

"జారేదాన్ని జారతాదనక ఏమనేది?" ఆమె లేచి బురద టైరొకటి దించి ఒళ్ళో పెట్టుకుంది. బొడిపెల్ని వేలితో అటూ ఇటూ వంచి చూసింది. "వీటిని కోసేస్తే?"

మధుబాబుకు ఆ సంగతి తెలియక కాదు. పందేలకు పోయేవాళ్ళు బురద టైరు బొడిపెల్ని సగానికి కత్తిరించి వాడతారని అతను వీడియోల్లో చూశాడు. అలా కోస్తే అది మన్నులో కొంత దిగుతుంది, బండ మీద కొంత నిలబడుతుంది. కానీ కోసింది మళ్ళీ అతుక్కోదు. పైగా బొడిపెలన్నీ ఒకే ఎత్తున తెగాలి. ఒకటి ఎక్కువా ఒకటి తక్కువా అయితే మలుపులో ఏ బొడిపె మోసం చేస్తుందో చెప్పలేం.

"తప్పు కోస్తే?"

"తప్పు కోస్తే ఆ టైరు ఎయ్యం. అంతే గదా."

ఆమెకు ఏదైనా అంతే గదా, అతనికి కాదు. అయినా కటింగు ప్లేయరు తీశాడు. ఆమె టైరు తిప్పుతూ పట్టుకుంది, అతను కోశాడు. ఒక్కో బొడిపె టప్పుమని తెగి ఎగిరి పడుతుంటే అతని నుదుటి మీద చెమట పట్టింది. వరుస పూర్తయిన ప్రతిసారీ స్కేలు ఆనించి చూసుకున్నాడు. షాపు ముందు నుంచి పోయేవాళ్ళు కొత్త టైరును కోస్తున్న ఈ మొగుడూ పెళ్ళాలను వింతగా చూసి పోయారు.

మర్నాడు సైకిలును చిన్న ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని బయల్దేరారు. నాయుడుపేట దాటేదాకా ఆకాశం ఊరికే మూసుకుని ఉంది. చిల్లకూరు దగ్గర మొదలైంది వాన. హైవే మీద లారీలు లైట్లేసుకుని పోతున్నాయి. రోడ్డు పక్క మళ్ళలో నీళ్ళు కట్టలు తెంచుకుని పారుతున్నాయి. భానుప్రియ కిటికీ అద్దం మీద జారే చినుకుల్ని చూస్తూ, దారిలో ఏ మలుపు తర్వాత ఏ మలుపో తనలో తను చెప్పుకుంటూ కూర్చుంది.

కొండ కింద మామిడితోటలో పందెం వాళ్ళు గుడారాలు వేశారు. అటవీశాఖ అనుమతి మర్నాటి ఒక్కరోజుకే ఉంది కాబట్టి ఉరుములు మెరుపులు లేకుంటే వానలోనైనా జరిపేస్తామని చెప్పారు. ఆ మధ్యాహ్నం అందరినీ ఒకసారి దిగి చూసుకోమన్నారు.

జడ్సన్ పడింది అప్పుడే. జడ్సన్‌ది గూడూరు. ఈ జిల్లాలో అతన్ని మించి దిగేవాడు లేడని పేరు. భానుప్రియకు మొదట్లో మెలకువలు నేర్పింది కూడా అతనే. రెండు చక్రాలకూ కోయని బురద టైర్లు వేసుకుని పోయాడు. పైన మన్నులో బాణంలా వచ్చినవాడు పెద్దబండ మీద అడుగుపెట్టగానే ముందు చక్రం పక్కకు ఎగిరిపోయిందట. మణికట్టు వాచిపోయి, ముఖమంతా గీరుకుపోయి, ఇద్దరి భుజాల మీద చేతులేసుకుని దిగాడు.

"ఎముక విరగలేదులే," అన్నాడు మధుబాబును చూసి నవ్వబోయి. "కానీ అన్నా, ఆ టైర్లు వద్దు. బండ మీద అయి నిలబడవు. నమ్మి పోయినా, నడ్డి మీద తన్నింది."

ఆ వెనకే అన్నిటికీ వాడే టైర్లతో దిగిన నెల్లూరు అమ్మాయి వాణి, బండ బాగానే దాటింది కానీ కింది జిగటమన్నులో చక్రం పూడుకుపోయి పొదలో పడిందని తెలిసింది. దెబ్బలేం లేవు. మధుబాబు వెంట తెచ్చిన రెండు రకాల టైర్లనూ మార్చి మార్చి చూశాడు. ఇది వేస్తే అక్కడ, అది వేస్తే ఇక్కడ.

భానుప్రియ మధుబాబుతో కలిసి బాటంతా నడిచి చూసి వచ్చి, గుడారంలో కూర్చుని చాలాసేపు ఆలోచించింది.

"ముందు చక్రానికి కోసింది ఎయ్యి బావా. ముందుది జారితే మనిషి నిలబడడు. అది మన్నునీ పట్టాల, బండనీ పట్టాల. ఎనకాల మామూలుది ఎయ్యి. ఎనకది కొంచెం జారినా నేను సర్దుకుంటా."

"ఎందుకు వచ్చిన గొడవమే ఇదంతా? ఈసారికి..."

"ఈసారికి?"

మానేద్దాం అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె కళ్ళలోకి చూసి మింగేశాడు. టైర్లు ఎక్కించాడు. లోపల ట్యూబు ఉండదు కాబట్టి అంచులు రిమ్ముకు సరిగా పట్టాయో లేదో నీళ్ళు పోసి బుడగలు చూసుకున్నాడు. ఆమె చెప్పినంత గాలి కొట్టి మూత బిగించాడు.

రాత్రంతా కుండపోతగా కురిసి, తెల్లవారేసరికి తుంపరగా మారింది. సైకిళ్ళను ట్రాక్టరు ట్రక్కులో కొండమీదికి చేరవేస్తున్నారు. భానుప్రియ మోకాళ్ళకు, వీపుకు రక్షణ పట్టీలు కట్టుకోవడానికి పోయింది. పక్క గుడారంలో బెంగుళూరు నుంచి వచ్చిన రైడరొకడు, తడిలో గాలి ఎంత తక్కువుంటే అంత పట్టు అని ఎవరితోనో అంటున్నాడు. మధుబాబు విన్నాడు. అది నిజమే. టైరు కాస్త మెత్తగా ఉంటే నేలకు ఎక్కువ ఆనుతుంది. పైన జిగటమన్ను రాత్రి వానకు ఇంకెంత జారుడుగా తయారైందో అనుకున్నాడు. ఆమె తిరిగొచ్చేలోగా ముందు చక్రం వాల్వు నొక్కాడు. స్స్ మంది. వేలితో చూసి ఇంకొకసారి నొక్కాడు. ఇంకొకసారి. అప్పటికి మనసు కొంచెం కుదుటపడింది.

ఆమెకు చెప్పలేదు. చెబితే వద్దంటుందని తెలుసు.

ఆమె హెల్మెట్టు చంకన పెట్టుకుని వచ్చి ట్రక్కెక్కింది. "కిందనే ఉంటావు గదా?" అంది. అతను తలూపాడు. ట్రాక్టరు కొండ వెనక దారిలో మలుపు తిరిగిపోయింది.

కాసేపటికి జడ్సన్ చేతికి కట్టు కట్టుకుని, గొడుగేసుకుని బాట మీదుగా దిగి వచ్చాడు. పెద్దబండ చూసొద్దామని తెల్లారే పోయాడట.

"రాత్రి వానకి బండ మీద మన్నంతా కొట్టుకపోయింది. నిన్న మన్ను కింద కప్పుకోనుండిన అంచులన్నీ కత్తుల్లాగా తేలినాయి. గాలి తక్కువుండే వాళ్ళకి చక్రం పగిలిపోతాదన్నా ఇయ్యాళ. రిమ్ము పోయి రాయికి కొట్టుకుంటాది. చెల్లెమ్మకి మాత్రం గాలి గట్టిగానే కొట్టినావు గదా?"

మధుబాబు గబగబా జేబు తడుముకున్నాడు. ఫోను తీశాడు. ఆ కొండల్లో సిగ్నలు ఎప్పుడూ లేదు. దారి పొడవునా కాపలా మనుషులున్నారు కానీ వాళ్ళ దగ్గర ఉన్నవి ఈలలే. మనిషి దాటితే ఒక ఈల, పడితే వరసగా ఈలలు. ఎవరైనా పడితే ఆ సంగతి పైనుంచి కిందికి చెప్పగలవు కానీ గాలి కొట్టుకోమని కింద నుంచి పైకి చెప్పలేవు. ట్రాక్టరు మళ్ళీ పోదట.

అతను చేతిపంపు తీసుకుని పరుగెత్తాడు.

ఆడవాళ్ళు ఆఖరున దిగుతారు, చీటీలు తీస్తే భానుప్రియకు అందరికన్నా ఆఖరు వచ్చింది. అదొక్కటే ఆశ. పందెం బాట పక్కనే మేకలకాపరులు నడిచే దారి ఉంది. దాన్ని పట్టుకుని ఎక్కాడు. చెప్పులు మన్నులో ఊడిపోతుంటే తీసి అక్కడే వదిలేశాడు. ఎక్కుతుండగానే పైన ఈల వినిపించి, చెట్ల మధ్య నుంచి మొదటివాడు మెరుపులా దిగిపోయాడు. తర్వాత ఇంకొకడు. ఒక్కొక్కడు దాటినప్పుడల్లా మధుబాబు పైన ఇంకెందరున్నారో లెక్కపెట్టుకున్నాడు. పెద్దబండ పక్కన ఒక్క నిమిషం ఆగి, ఊపిరి తీసుకుంటూ దాన్ని చూశాడు. జడ్సన్ చెప్పింది నిజమే. ఎడమ వైపు నీళ్ళు పలచగా పారుతున్నాయి. కుడివైపు అంచులు తేలి ఉన్నాయి. అతను చూస్తుండగానే, గాలి ఎంత తక్కువుంటే అంత పట్టు అన్న ఆ బెంగుళూరువాడే వచ్చాడు. ఠంగుమని రిమ్ము రాతికి తగిలింది. చక్రంలో గాలంతా ఒక్కసారి పోయి, మనిషి బండ కిందికి దొర్లాడు. ఈలలు వరసగా మోగాయి. వాడు లేచి కూర్చున్నాడు గానీ, మధుబాబు కళ్ళకు అక్కడ కూర్చుంది వాడు కాదు.

మిగతా కొండ ఎలా ఎక్కాడో అతనికి తెలియదు. పైకి చేరేసరికి ఇద్దరే మిగిలారు. చివర భానుప్రియ. అతన్ని చూసి బిత్తరపోయింది.

"ఏమైంది బావా? నాయనకేమన్నా..."

"గాలి... గాలి..."

"ముందు నువ్వు పీల్చుకో గాలి. కూచో."

"గాలి తీసేసినా భానూ. ముందు చక్రంలో. నీకు చెప్పకుండా. పెద్దబండ మీద అంచులు తేలినాయి..." పంపు చూపించాడు.

ఆమె వంగి ముందు చక్రం మీద చెయ్యేసింది. ముందున్న అమ్మాయి బాటలోకి దిగిపోయింది. ఈల మోగింది.

"తెలుసు," అంది భానుప్రియ. "ట్రక్కులోంచి దించతానే బొటనవేలితో నొక్కి చూసినా. నా టైరు మెత్తనైతే నాకు తెలవదా? ఈళ్ళ పంపడిగి కొట్టుకున్నా."

మధుబాబు బురదలోనే కూలబడ్డాడు. ఏడుపూ నవ్వూ రెండూ వచ్చాయి. ఆమె మాత్రం నవ్వలేదు.

"నాకెందుకు చెప్పలేదు?"

"భయమేసింది."

"పడిందాన్ని నేను గదా బావా. స్టీలు పట్టీ నాకాడుండాది. నాకూ భయమే. రాత్రి నువ్వు పొర్లతా ఉంటే నేనూ మేలుకోనే ఉండా. భయముంటే ఇద్దరం కూచోని మాట్లాడుకోవాల. నా సైకిలు మీద నాకు తెలవకుండా చెయ్యి పెడితే, అక్కడ బండ మీద నేను దేన్ని నమ్ముకోని దిగేది?"

అతను తల వంచుకున్నాడు.

"సరే, లెయ్యి," అంది గొంతు తగ్గించి. "పెద్దబండ పక్కనే గదా ఎక్కొచ్చినావు. ఎట్టుండాది చెప్పు."

అతను లేచాడు. చూసింది చూసినట్టు చెప్పాడు. ఎడమ నీళ్ళు పారుతున్నాయని, నీళ్ళ కింద రాయి నున్నగానే ఉంది కానీ నాచు లేదని, కుడివైపు పోతే రిమ్ము పగలడం ఖాయమని. బండ దిగగానే ఒక వేరు అడ్డంగా తేలిందని, నిన్న అది లేదని. ఆమె కళ్ళు మూసుకుని వింది. చేతులతో గాలిలోనే హ్యాండిలు తిప్పి చూసుకుంది.

"అయితే ఎడమ. నీళ్ళలోనే." కళ్ళు తెరిచింది. "చక్రం నొక్కి చూడు. చాలా?"

అతను నొక్కాడు. "ఇంకొక్క రెండు కొడదామా?"

ఆమె కూడా నొక్కి చూసింది. "కొట్టు."

రెండే కొట్టాడు. ఇంకా కొట్టాలనిపించినా ఆగాడు. ఆమె అతని భుజం మీద ఒకసారి చెయ్యేసి, హెల్మెట్టు బిగించుకుని, గీత దగ్గర నిలబడింది. జెండా ఊపారు. వెళ్ళిపోయింది.

ఈ మాటు అతను కొండ పైన ఉన్నాడు. ఏమీ కనపడదు. మొదటి మలుపు ఈల వినిపించింది. రెండోది. తర్వాత గాలి లేచి, చెట్ల హోరులో ఇంకేమీ వినపడలేదు. అతను ఆగలేక బాట వెంబడే దిగసాగాడు. ఆమే ఆఖరు కాబట్టి ఇక ఎవరికీ అడ్డం కాదు.

బాటలో ఆమె జాడ కనిపిస్తూనే ఉంది. కోసిన టైరు గుర్తు మిగతావాటిలా మొనదేలి ఉండదు, మొద్దుగా నలుచదరంగా పడుతుంది. అతని చేతి కోత అది. జిగటమన్నులో ఆ గుర్తు తిన్నగా, లోతుగా దిగి ఉంది. మలుపుల్లో వెనక చక్రం మాత్రం పక్కకు పాకిన చార. ఆమె సర్దుకున్నట్టుంది. పెద్దబండ మీద గుర్తులుండవు. కాపలా మనిషి అక్కడ లేడు. ఆఖరు మనిషి దాటిపోయింది కదా అని దిగిపోయాడా, లేక ఎవరినైనా మోసుకుని దిగాడా? రక్తం ఉందేమోనని రాతి మీద వంగి చూశాడు. నీళ్ళు పారుతున్నాయి, ఉన్నా నిలవదు.

బండ కింద వేరు దగ్గర గుర్తు లేదు. అటూ ఇటూ వెతికితే ఎడంగా, బాట దాటి బయట కనిపించింది. మన్ను గాడిలా చీలి ఉంది. ఒక చిన్న మొక్క వేళ్ళతో సహా పెళ్ళగిలి ఉంది. దాని పక్కన లోతుగా ఒక బూటు గుర్తు. ఒక్కటే. అక్కడినుంచి మొద్దు గుర్తు వంకరగా తిరిగి, మళ్ళీ బాటలోకి ఎక్కింది. ఎక్కి, తిన్నగా కిందికి పోయింది. బూటు గుర్తులు మళ్ళీ లేవు.

అంటే కాలు ఆనించి నిలదొక్కుకుంది. నడిచి పోలేదు. తొక్కుకుంటూనే పోయింది.

అతను ఆ గుర్తు పక్కన ఒక నిమిషం గొంతుక్కూర్చుని, చేత్తో తడిమి, లేచి మళ్ళీ దిగాడు. ఇంకా నమ్మకం కుదరలేదు. కింద మామిడితోట కనిపించి, గుడారం ముందు బురద ముద్దలా కూర్చుని జడ్సన్‌తో చేతులు తిప్పుతూ మాట్లాడుతున్న మనిషి కనిపించాక, ఆ మనిషి మోచేతికి దూది అద్దుతుంటే అబ్బా అని అరిచాక, అప్పుడు కుదిరింది.

ఆడవాళ్ళలో నాలుగోదిగా వచ్చింది. వాణి గెలిచింది. ముందు రోజు పడ్డాక ఆమె కూడా ముందు టైరు మార్చిందట.

"బండ మీద ఏమీ కాలేదు బావా," అంది భానుప్రియ అతన్ని చూడగానే. "నీళ్ళలోంచి పట్టాలేసినట్టు వచ్చేసినా. దాటేసినా గదా అనుకోని ఊపిరొదిలినా, అక్కడ జారింది. ఆ వేరు సంగతి నువ్వు చెప్పినావు గాబట్టి ముందే పక్కకి లాగినా. లేకుంటే దాని మీదికే పోయుందును."

"మోచెయ్యి ఎట్టుండాది?"

"పొదకి గీరుకోని తోలు లేచింది. నీ కాళ్ళేంది అట్టుండాయి?"

అతను కిందికి చూసుకున్నాడు. రెండు పాదాలూ ముళ్ళు గీరి నెత్తురు కారుతున్నాయి. అప్పటిదాకా తెలియలేదు. ఇప్పుడు భగ్గుమని మండాయి. భానుప్రియ దూదీ మందు సీసా లాక్కుని అతన్ని పక్కన కూర్చోమంది. అతను వద్దంటున్నా వినకుండా, పాదం ఒళ్ళో పెట్టుకుని, ఒక్కొక్క ముల్లూ వెతికి తీయడం మొదలుపెట్టింది.